డాక్టరేటు తర్వాత ఏమిటని అడగకండి

ఈమధ్య చాలా యూనివర్సిటీల్లో పరిశోధక విద్యార్థుల కోసం కెరీర్ ప్లానింగ్ వర్క్‌షాపు అని ఒకటి పెడుతున్నారు. మధ్యాహ్నం భోజనం బాగుంటుంది కాబట్టి తప్పకుండా వెళ్ళండి. చెయ్యి కడుక్కోగానే బయటపడండి. భోజనాల తర్వాత మైకు అందుకునేవాళ్ళు మహా ప్రమాదకరమైన ప్రశ్నలు వేస్తారు. మీ ఫెలోషిప్ ఏ నెలలో ఆగిపోతుంది? మీ డిపార్టుమెంటులో పోయిన ఐదేళ్ళలో డాక్టరేటు తీసుకున్నవాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారు? పాఠం చెప్పే ఉద్యోగం దొరక్కపోతే మీ చేతిలో ఉన్న విద్యకు ఇంకెవరు జీతమిస్తారు? ఇట్లాంటివి చెవిన పడితే మనసు చెదురుతుంది. మనసు చెదిరితే థీసిస్ సాగదు. చెదరకపోయినా సాగడం లేదంటారా, అది వేరే సంగతి.

తిరుత్తణి, తిరువళ్ళూరు, పళ్ళిపట్టు, ఆర్.కె.పేట, పొదటూరుపేట వైపు నుంచి మద్రాసుకో తిరుపతికో పోయి పీహెచ్‌డీ చేస్తున్న మన తెలుగు పిల్లలకు, అది ముగించి పోస్ట్‌డాక్ అంటూ తిరుగుతున్న పెద్దపిల్లలకు నేను చెప్పేది ఒకటే. ప్లాను వద్దు. కూర్చోండి. కూర్చున్నచోటికే అన్నీ వస్తాయి.

నమ్మకం లేకపోతే మన తాలూకానే చూడండి. 1960 మార్చి 31 రాత్రి తిరుత్తణి జనం ఆంధ్రప్రదేశ్‌లో, చిత్తూరు జిల్లాలో పడుకున్నారు. పొద్దున లేచేసరికి మద్రాసు రాష్ట్రంలో, చెంగల్పట్టు జిల్లాలో ఉన్నారు. ఒక్కరు మూట కట్టలేదు, ఒక్కరు బండెక్కలేదు. 1997లో మళ్ళీ ఉన్నచోటనే ఉండి తిరువళ్ళూరు జిల్లా వాళ్ళయ్యారు. దాని వెనక సరిహద్దు తగాదా తీర్చడానికి పటాస్కర్ చేసిన సిఫార్సు ఉంది, తమిళ నాయకుడు మా.పొ.శి. లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి నడిపిన ఉద్యమం ఉంది, 1959లో పార్లమెంటు చేసిన చట్టం ఉంది, బదులుగా సత్యవేడు వైపు ఊళ్ళు అటు పోయాయి అని చరిత్ర చదివినవాళ్ళు అడ్డుపడతారు. అవన్నీ ఎవరో చేశారు గదా. మనమేం చేశాం? కూర్చున్నాం.

పటానికి దండ, చదువుకు దణ్ణం

రెండో రుజువు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో పుట్టారు. తండ్రి అక్కడి జమీందారు కొలువులో చిన్న రెవెన్యూ ఉద్యోగి. ఆ ఇంటి పిల్లవాడు తత్వశాస్త్రమే ఎందుకు తీసుకున్నాడు? కౌన్సెలర్‌ను కలిశాడా, అభిరుచి పరీక్షలు రాశాడా? బంధువుల్లో ఒకాయన డిగ్రీ ముగించి తన ఫిలాసఫీ పుస్తకాలు ఇచ్చేశాడు. కొనే ఖర్చు తప్పింది, సబ్జెక్టు తేలిపోయింది. అంతే, రాష్ట్రపతి భవన్‌దాకా పోయారు. కాబట్టి మీరూ అట్లాగే ఎంచుకోండి. ఏ గైడు దగ్గర సీటు ఖాళీగా ఉంటే అదే మీ జీవితాశయం. మూడో ఏడాది వచ్చేసరికి ఆశయం మీద కూడా ఇష్టం పుడుతుంది, పెద్దలు కుదిర్చిన పెళ్ళిలాగా.

ఇక్కడ అతి తెలివిగలవాళ్ళు ఆయన జీవితచరిత్ర తెచ్చి ముందు పెడతారు. తిరుత్తణి బడి తర్వాత తిరుపతిలో లూథరన్ మిషన్ స్కూలు, తర్వాత వేలూరు వూర్హీస్ కాలేజీ, ఆపైన మద్రాసు క్రిస్టియన్ కాలేజీ. ఎం.ఏ.కు రాసిన వ్యాసం 1908లోనే, అంటే ఇరవయ్యో ఏటనే, పుస్తకంగా అచ్చయింది. 1909లో ప్రెసిడెన్సీ కాలేజీలో పాఠాలు మొదలుపెట్టారు. రాజమండ్రికి బదిలీ అంటే రాజమండ్రి పోయారు. 1918లో మైసూరు, 1921లో కలకత్తా, 1931లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వైస్ ఛాన్సలర్, 1936లో ఆక్స్‌ఫర్డులో ప్రొఫెసర్, 1939లో కాశీ హిందూ విశ్వవిద్యాలయం. అరవై దాటాక, 1949లో, ఏకంగా మాస్కోకు రాయబారి. ఊరు తర్వాత ఊరు, కొలువు తర్వాత కొలువు, చివరికి పాఠాలు కూడా పక్కనబెట్టి రాయబారం. ఇదంతా వరసగా చదివితే ఆయన ఒక్కచోట కూర్చోలేదేమోనన్న అనుమానం పుడుతుంది. అందుకే చదవకండి. సెప్టెంబరు 5న పటానికి దండ వేయండి, చాలు.

ఇంకో సంగతి. ఆయన పేరు ముందున్న డాక్టర్ అనేది విశ్వవిద్యాలయాలు గౌరవించి ఇచ్చింది. థీసిస్ సమర్పించి, వైవాకు నిలబడి తెచ్చుకున్న పీహెచ్‌డీ ఆయనకు లేదు. దీన్నిబట్టి డిగ్రీ కన్నా చేసిన పని ముఖ్యం అని కొందరు అర్థం తీస్తారు. సరైన అర్థం ఇది: పీహెచ్‌డీ లేని మనిషే రాష్ట్రపతి అయితే, ఉన్న మీరు ఎంతవాళ్ళు కావాలి? గుమ్మిడిపూండిలో ఒక ఫ్యాక్టరీకి పరీక్షల విభాగంలో కెమిస్టు కావాలట అని ఎవరైనా చెబితే, ఈ మాట గుర్తు చేసుకుని మొహం తిప్పుకోండి.

క్యాలెండరు కొనకండి

నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వచ్చినవాళ్ళకు 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత ఎస్ఆర్ఎఫ్ అయి మూడేళ్ళు 42,000. ఇంటి అద్దె అదనం. రెండూ మూడూ కలిపితే ఐదు. యూజీసీ 2022 నిబంధనల్లో పీహెచ్‌డీకి తక్కువలో తక్కువ మూడేళ్ళు, ఎక్కువలో ఎక్కువ ఆరేళ్ళు అని ఉంది. మళ్ళీ రిజిస్టరు చేసుకుంటే ఇంకో రెండేళ్ళు, ఆడపిల్లలకు దాని మీద మరో రెండేళ్ళు సడలింపు. డబ్బు ఐదేళ్ళకు, గడువు ఆరుకో ఎనిమిదికో పదికో. మధ్యలో ఉన్న ఆ ఖాళీని చూడొద్దు. చూస్తే మొదటి ఏడాదిలోనే ఐదో ఏడాది డిసెంబరుకు గీత గీసి, దానికి ఏడాదిన్నర ముందే దరఖాస్తులు మొదలుపెట్టాలనిపిస్తుంది. పాపం, కొందరు నిజంగానే అట్లా చేసి సంతోషం పోగొట్టుకున్నారు. వాళ్ళకిప్పుడు ఆఫీసు, బయోమెట్రిక్, ప్రావిడెంట్ ఫండు.

ఫెలోషిప్ నెలనెలా రాదు. నాలుగైదు నెలలు ఆగి ఒక్కసారిగా పడుతుంది. అది మీ మీద దేవుడికున్న దయ. ఆ మొత్తాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ బ్యాంకులో ఉంచకండి. బుల్లెట్ బండికి మొదటి కంతు కట్టండి. మిగతా కంతులకు పొదటూరుపేటలో నాన్న మరమగ్గం ఆడుతూనే ఉంటుంది, తమ్ముడు పదో తరగతితో ఆపేసి దాని పక్కనే ఉన్నాడు. ఇంట్లో ఒకరు చదువుకోవాలంటే ఇంకొకరు నూలు చూసుకోవాలి గదా. ఆ లెక్క వర్క్‌షాపుల్లో ఎవరూ అడగరు. మీరూ అడగకండి.

గైడు

గైడును ఎంచుకునేటప్పుడు ఆయన పాత విద్యార్థుల్లో ఒక్కరితోనూ మాట్లాడవద్దు. ఐదుగురిలో ఇద్దరు మధ్యలో మానేశారనో, ఒకరు ఎనిమిదో ఏడాదిలో కూడా అదే ల్యాబులో స్టాకు రిజిస్టరు రాస్తున్నారనో తెలిస్తే అనవసరంగా భయపడతారు. ఎనిమిదో ఏడాదిలోనూ ల్యాబు వదలకపోవడం గురుభక్తి. చేరాక ఆయన కరెంటు బిల్లు, గ్యాసు బుకింగు, అమ్మాయి పెళ్ళిపత్రికలు మీ చేతి మీదుగా జరగనివ్వండి. తిరువళ్ళూరు వీధుల్లో పత్రికలు పంచిన అనుభవం రేపు సప్లై చెయిన్ ఉద్యోగానికి పనికొస్తుందని ఎవడైనా అంటే మాత్రం ఒప్పుకోకండి. అది సేవ.

సిఫార్సు ఉత్తరానికి ఆయనొక్కరే చాలు. వేరే కాలేజీ ప్రొఫెసర్‌తో ఒక పేపరు కలిసి రాయడం, సెమినార్‌లో ప్రశ్న అడిగిన బయటి మనిషి కార్డు తీసుకోవడం, డాక్టోరల్ కమిటీలో ఉన్న రెండో మెంబరును పరీక్షలప్పుడు కాకుండా మామూలు రోజున పోయి పలకరించడం, ఇవన్నీ గైడుకు ద్రోహం కింద లెక్క. రేపు ఆయన రిటైరై ఫోనెత్తకపోతే? మౌనం కూడా ఒక రకమైన సిఫార్సే.

పేపర్లు

పేరులో ఇంటర్నేషనల్ అనీ అడ్వాన్స్‌డ్ అనీ ఉండి, మూడు రోజుల్లో అంగీకారం, ఆరో రోజున గూగుల్ పేలో డబ్బు, ఏడో రోజున సర్టిఫికెట్టు ఇచ్చేదే మంచి జర్నల్. నిజంగా చదివి తిరగ్గొట్టే జర్నళ్ళు మనసు నొప్పిస్తాయి. అట్లా నొప్పి తగిలితే తిరువళ్ళూరు వీరరాఘవుడి గుడి కోనేరు హృత్తాపనాశిని ఉంది. అమావాస్యనాడు కోనేట్లో బెల్లం కలిపితే తాపాలు పోతాయని జనం నమ్మకం. రివ్యూయర్ రాసిన నాలుగు పేజీలూ చదివి పేపరు దిద్దుకోవడం కంటే అచ్చు బెల్లం చవక.

థీసిస్ ఇవ్వడానికి ముందు పేపరు అచ్చు కావాలన్న షరతు యూజీసీ 2022లో తీసేసింది. మంచి జర్నళ్ళ జాబితా అని తనే పెట్టుకున్న కేర్ లిస్టును 2025లో ఆపేసింది. ఇక ఏది మంచిదో ఎవరికి వారే తేల్చుకోవాలట. తేల్చుకోవడం మన పని కాదు.

నోటిఫికేషన్ అనే మహామంత్రం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. లక్ష్యం ఒక్కటే ఉండాలి: ప్రభుత్వ కాలేజీలో పర్మనెంటు అసిస్టెంట్ ప్రొఫెసర్. పదో లెవెలు, మొదటి బేసిక్ 57,700. అదీ ఎక్కడో కాదు, ఇంటి నుంచి నడిచిపోయే దూరంలో. తిరుత్తణిలో సాక్షాత్తూ సుబ్రహ్మణ్యస్వామి పేరుతోనే ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ ఉంది. మీ సబ్జెక్టులో అక్కడ ఉన్నవి ఎన్ని పోస్టులు, ఉన్నవాళ్ళు ఎప్పుడు రిటైరవుతారు, అదే కుర్చీ మీద ఇంకెందరి కన్ను ఉంది అని లెక్క వేయడం అపశకునం. డిసెంబరు 31 రాత్రి కొండ మీదికి 365 మెట్లకూ మెట్టుకొక పాట పాడుతూ ఎక్కుతారు గదా, చూసే ఉంటారు. మెట్టుకొక దరఖాస్తు పెట్టమనేవాళ్ళు కూడా ఉన్నారు ఈ లోకంలో. మీరు ఒక్కటే పెట్టండి. భక్తి ఏకాగ్రంగా ఉండాలి.

ఆ ఒక్కటి ఎప్పుడు పెట్టాలి? నోటిఫికేషన్ పడినప్పుడు. 2024 మార్చిలో తమిళనాడు అధ్యాపక నియామక బోర్డు టీఆర్‌బీ 4,000 అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులకు పిలిచింది. ఆగస్టు 4న పరీక్ష అంది. మన పిల్లలు గదుల తలుపులు వేసుకుని చదివారు. పరీక్ష వాయిదా పడింది. అధ్యాపక అర్హత కోసం జూన్‌లో జరగాల్సిన రాష్ట్ర సెట్ పరీక్షా అంతే. అదే నెల 18న దేశమంతా రాసిన యూజీసీ నెట్ మర్నాడే రద్దయింది. ఒకే వేసవిలో రెండు వాయిదాలు, ఒక రద్దు చూసినవాళ్ళకు ఈ రోడ్డు పక్కన ఇంకో రోడ్డు కూడా ఉంటే బాగుండు అనిపిస్తుంది. ఆ ఆలోచన రానివ్వకండి. వాయిదా అంటే రద్దు కాదు. రద్దు అంటే మళ్ళీ పెడతారు.

వయసు మీద పడుతోందని దిగులా? టీఆర్‌బీ వయసు పరిమితి 57 ఏళ్ళు. అరవయ్యో ఏట రిటైరు చేస్తారు. చేరిన మూడేళ్ళకు పెద్ద సన్మానం! దీన్ని చూసి ఎవరన్నా మిగతా తలుపుల మీద రాసి ఉన్న వయసులు చూపిస్తారు: ఇన్‌స్పైర్ ఫాకల్టీకి జనరల్ కేటగిరీలో 32, నేషనల్ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్‌కు 35, పేటెంట్ ఎగ్జామినర్ పరీక్షకు 35. చిన్న అంకెలు చూస్తే దిగులు. పెద్ద అంకె ఒక్కటే గోడకు రాసిపెట్టుకోండి.

అర్హతల సంగతి కూడా తేలిగ్గా తీసుకోండి. యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 2021 జులై నుంచి పీహెచ్‌డీ తప్పనిసరి అని యూజీసీ 2018లో రాసింది. తర్వాత 2023 జులై అంది. ఆ జులై రాగానే తప్పనిసరి కాదు, నెట్ గానీ సెట్ గానీ స్లెట్ గానీ కనీస అర్హత అంది. రూళ్ళు ఇంత చురుగ్గా తిరుగుతుంటే వాటివెంట పరుగెత్తడం దేనికి? ఎం.ఏ. వేడి చల్లారకముందే నెట్ రాసి పారేసినవాళ్ళు ఇప్పుడు నవ్వుతున్నారంటే నవ్వనివ్వండి.

ఈలోపల కడుపుకు గౌరవ విరివురైయాళర్ పని ఉంది. తెలుగులో గెస్టు లెక్చరర్ అంటాం, తమిళంలో చూశారా, గౌరవం పేరులోనే వచ్చేసింది. గంటకు 1,500, నెలకు 50,000 దాకా ఇవ్వవచ్చని యూజీసీ 2019లో చెప్పింది; ఇక్కడ చేతికొచ్చేది దానికి చాలా దూరం. పాఠాలు మాత్రం పర్మనెంటు వాళ్ళవే, పేపర్లు దిద్దడం అదే, అడ్మిషన్ల డ్యూటీ అదే. ఆ జీతం కూడా పన్నెండు నెలలూ రాదు. ఒక ఏడాదికే అని మీకు మీరు గడువు పెట్టుకునే దురలవాటు వద్దు. గడువు లేనిదే గౌరవం.

ఇంకా ధైర్యవంతులకు మరో దారి ఉంది. తిరువళ్ళూరు చుట్టూ రాయి విసిరితే ఇంజనీరింగ్ కాలేజీ మీద పడుతుంది. తనిఖీ కమిటీ వచ్చినప్పుడు లెక్కకు పీహెచ్‌డీలు కావాలి. మీరు పోనక్కర్లేదు, మీ సర్టిఫికెట్టు పోతే చాలు. 2024 జులైలో అరప్పోర్ ఇయక్కం అనే సంస్థ బయటపెట్టిన లెక్క ప్రకారం అన్నా యూనివర్సిటీ కింది కాలేజీల్లో 353 మంది ఒకే ఏడాది ఒకటికి మించి కాలేజీల్లో ఫుల్‌టైం అధ్యాపకులు. భగవంతుడు సర్వాంతర్యామి అని విన్నాం, అసిస్టెంట్ ప్రొఫెసర్ కూడా అని అప్పుడే తెలిసింది. తర్వాత విచారణలు, నోటీసులు వచ్చాయంటారు. సర్టిఫికెట్టు అద్దెకిచ్చినవాడి పేరు ఆ జాబితాలో ఉంటే రేపు నిజమైన ఉద్యోగానికి వెరిఫికేషన్‌లో ఏమవుతుందన్నది ముందుచూపు గలవాళ్ళ బాధ. మనకది లేదు గదా.

రెండు రాష్ట్రాల గుమ్మం మీద

మనకున్న అదనపు సౌకర్యం సరిహద్దు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో పెట్టినప్పుడు తిరుత్తణి కూడా అదే చిత్తూరు జిల్లాలో ఉంది. సొంత జిల్లా యూనివర్సిటీ. ఆరేళ్ళకు అది పక్క రాష్ట్రపు యూనివర్సిటీ అయింది. ఇప్పుడు అటు పోతే, రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం సీట్లలో 85 శాతం స్థానికులకు. మనం నాన్ లోకల్. నగరి దాటితే చాలు, ఇంట్లో మాట్లాడే భాష అదే, వండుకునే పులుసు అదే, ఫారంలో గడి వేరే. ఇటు చూస్తే 2021 డిసెంబరు నుంచి రాష్ట్ర నియామక పరీక్షల్లో తమిళ అర్హతా పేపరు ఉంది. అందులో 40 శాతం రాకపోతే మిగతా పేపర్లు లెక్కలోకి రావు. తెలుగు మీడియంలో చదివిన పాతకాలపు పిల్లలకు బజారు తమిళం గుక్క తిప్పుకోకుండా వస్తుంది, రాత తమిళం కాళ్ళకు అడ్డం పడుతుంది.

ఇక్కడ నా సలహా స్పష్టం. తమిళ పేపరుకు చదవడం మాతృభాషకు అన్యాయం కాబట్టి చదవకండి. అటు లోకల్ నిబంధన అన్యాయం కాబట్టి అటూ దరఖాస్తు పెట్టకండి. స్థానికత అడగని కొలువులు, అంటే కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, ఆవడిలో యుద్ధ ట్యాంకులకు రూపకల్పన చేసే డీఆర్‌డీఓ ప్రయోగశాల, పులికాట్ అవతల శ్రీహరికోట, వీటి జోలికి పోతే ఆ రెండు అన్యాయాల గురించి అరుగు మీద కూర్చుని మాట్లాడుకునే హక్కు పోతుంది. రెండు భాషలు మాట్లాడి, మూడో దాంట్లో థీసిస్ రాసిన మనిషికి మద్రాసులో అనువాదం, డబ్బింగు, కంప్యూటరుకు భాష నేర్పే పని దొరుకుతాయన్న మాట కూడా విన్నాను. తెలుగులో పీహెచ్‌డీ చేసింది సినిమా మాటలు సరిచూడటానికా?

కంపెనీకి పోయి చెడినవాళ్ళు

పాఠశాల గోడ దాటి బయటికి పోయినవాళ్ళ గతి చూడండి. యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, హార్వర్డు చేరాడు. ఖర్చులకు ఆసుపత్రిలో రాత్రిళ్ళు కూలిపని చేశాడు. అక్కడి ప్రొఫెసర్ ఫిస్క్‌తో కలిసి ఆయన తయారుచేసిన ఫాస్ఫరస్ కొలత పద్ధతి బయోకెమిస్ట్రీ చదివిన ప్రతివాడికీ తెలుసు. ఏటీపీ మీద ఆ ల్యాబు పని 1929లో వచ్చింది, 1930లో పీహెచ్‌డీ వచ్చింది. పర్మనెంటు కుర్చీ మాత్రం రాలేదు. అక్కడే ఓపిక పట్టి కూర్చుని ఉంటే ఎంత బాగుండేది! 1940లో లెడర్లే అనే మందుల కంపెనీకి పోయాడు. పోయి ఏం సాధించాడు? ఫోలిక్ యాసిడ్. పిల్లల రక్త క్యాన్సర్‌కు డాక్టర్ ఫార్బర్ వాడిన మందు, దాని వెంట మెథోట్రెక్సేట్. ఆరియోమైసిన్. బోదకాలుకు హెట్రజాన్, ఊళ్ళో ఆరోగ్య కార్యకర్త ఇంటింటికీ వచ్చి మింగించే డీఈసీ మాత్ర అదే. ఎనిమిదేళ్ళలో ఇన్ని మందులు, పేరు ముందు ప్రొఫెసర్ అన్న మాట ఒక్కటి లేదు. మన తిరుత్తణిలో ఆయన విగ్రహం కూడా లేదు.

శ్రీనివాస రామానుజన్ ఇంకా ఘోరం. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తాగా చేరాడు. గుమాస్తా పని చేస్తూనే లెక్కలు చేసుకున్నాడు, ఆ ఆఫీసు పెద్దలే ఆయన కోసం నాలుగు చోట్ల మాట్లాడారు, 1913లో యూనివర్సిటీ 75 రూపాయల పరిశోధక వేతనం ఇచ్చింది. కొలువు చేస్తూ పరిశోధన వైపు వెనక్కి రావచ్చని దీన్నిబట్టి ఎవరైనా అనుకుంటారేమో. అందరూ రామానుజన్‌లా అని ఒక్క మాట అనేసి సంభాషణ ముగించండి. ఈ మాట ఎక్కడైనా పనిచేస్తుంది.

2023లో పేటెంట్ ఆఫీసు 553 ఎగ్జామినర్ పోస్టులకు పిలిచింది. ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయోటెక్నాలజీ ఎం.ఎస్‌సీ. ఉంటే చాలు, జీతం ఇక్కడా పదో లెవెలే, నాలుగు ఆఫీసుల్లో ఒకటి గిండీలో. సెంట్రల్‌లో దిగి మెట్రో ఎక్కితే పోయే దూరం. అది అసిస్టెంట్ ప్రొఫెసర్ నోటిఫికేషన్ కాదు కాబట్టి పేపర్లో ఆ పేజీ తిప్పేశారు, మంచి పని చేశారు. ఒరగడం, శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీల పరిశోధన విభాగాలు, తరమణిలో ఐఐటీ రీసెర్చ్ పార్కు, హైదరాబాదులో జీనోమ్ వ్యాలీ, వీటి గురించి కూడా అంతే నిష్ఠ పాటించండి.

తప్పించుకోలేక ఒకవేళ కంపెనీకి దరఖాస్తు పెట్టాల్సివస్తే, ఓడిపోయే పద్ధతి చెబుతాను. పద్నాలుగు పేజీల బయోడేటా పంపండి. మొదటి పేజీలో తండ్రి పేరు, మతం, ఎస్ఎస్ఎల్‌సీ మార్కులు. తర్వాత నాలుగు పేజీలు హాజరైన సెమినార్లు, ఆన్‌లైన్ క్విజ్ సర్టిఫికెట్లు. పాడైన హెచ్‌పీఎల్‌సీ మిషనును సర్వీసు ఇంజనీరు వచ్చేలోపల మీరే బాగుచేశారు, ముగ్గురు ఎం.ఎస్‌సీ. పిల్లల ప్రాజెక్టులు ఒడ్డెక్కించారు, రెండు లక్షల గ్రాంటు లెక్కలు పైసా తేడా లేకుండా రాశారు. ఇవి ఎక్కడా రాయకండి. అవి పనులు, అర్హతలు కావు. ఇంటర్వ్యూలో మీ పరిశోధన గురించి రెండు నిమిషాల్లో చెప్పమంటే నలభై నిమిషాలు చెప్పండి.

పోస్ట్‌డాక్, మళ్ళీ పోస్ట్‌డాక్

డాక్టరేటు వచ్చిందని కంగారు పడకండి, పోస్ట్‌డాక్ ఉంది. మన దేశంలో రీసెర్చ్ అసోసియేట్‌కు 58,000 నుంచి 67,000 దాకా ఇస్తారు, ఐడీ కార్డు కూడా ఇస్తారు. అది ముగిసేముందు ఇంకోటి. దేనికి చేస్తున్నారు, ఇందులో కొత్తగా ఏ విద్య నేర్చుకుంటున్నారు, ముగిసేసరికి మీ సొంత పేరుతో ఏ సమస్య నిలబడుతుంది అని అడిగేవాళ్ళకు దూరంగా ఉండండి. కొరియాకో జర్మనీకో పోతే మరీ మంచిది, అంత దూరం వచ్చి ఎవరూ అడగరు. ప్రాజెక్టు ఆఖరి నెలలో మాత్రమే తర్వాతి చోటుకు మెయిలు రాయండి. ఎదుటివాళ్ళకు మీ తొందర అర్థమవుతుంది, జీతం మాట్లాడే శ్రమ ఇద్దరికీ తప్పుతుంది.

ఇంట్లో ఎప్పుడవుతుందని అడిగితే సబ్మిట్ చేయబోతున్నానని చెప్పండి. ఐదేళ్ళపాటు నిజంగానే అదే జవాబు. ఆడపిల్లలకు ఇంట్లో ఇంకో ప్రశ్న వస్తుంది, పెళ్ళి ముందా థీసిస్ ముందా అని. సంబంధం చూసేటప్పుడు ఏ ఊళ్ళో కాపురం, ఆ ఊళ్ళో ల్యాబు ఉందా, ఎవరి ఉద్యోగం కోసం ఎవరు మారాలి అన్న మాటలు ఎత్తకండి. అమ్మాయి డాక్టరట అని అబ్బాయి తరఫువాళ్ళు సంబరపడతారు. ఏ డాక్టరో పెళ్ళయ్యాక తెలుసుకుంటారు.

చివరగా, మీకన్నా ముందు బయటికి పోయిన సీనియర్లను కలవకండి. వాళ్ళతో ఒక కాఫీకి కూర్చుంటే అరగంటలో పనికొచ్చే సంగతులన్నీ చెప్పేస్తారు: మొదటి ఆరు నెలలు ఎంత కష్టమైంది, ఏ పని నేర్చుకుని పోవాల్సింది, జీతం ఎంత, గైడుకు ఎట్లా చెప్పారు. సాయంత్రం తిరుత్తణి బండిలో అట్లాంటి అక్కో అన్నో పక్క సీట్లో తగిలి, మా దగ్గర ఒక ఖాళీ ఉంది, నీ సీవీ పంపు తమ్ముడూ, రేపే మా మేనేజరుకు చూపిస్తాను అంటే, ఫోను చార్జి అయిపోయిందని చెప్పండి. ఇంకా వదలకుండా నంబరు రాసిమ్మంటే అరక్కోణంలో దిగిపోండి. తిరుత్తణికి వెనకాల ఇంకో బండి ఉంటుంది.